నార్తర్న్ క్రౌన్‌లో ఏడో తలుపు

ఇంగ్లండులో సౌతాంప్టన్ రేవుకి ఎగువన, ఎవరూ వాడని పాత జెట్టీకి ఒక పెద్ద ఓడ కట్టేసి ఉంది. అందులో రాత్రి కాపలా అంటే ఎవరూ ఒప్పుకోరు. సెక్యూరిటీ ఏజెన్సీ ఎంతమందిని పంపినా వారం తిరక్కుండానే మానేశారు. ఒక పోలండ్ అతను టోపీ, టార్చి, తినబోయే శాండ్‌విచ్ కూడా అక్కడే వదిలేసి, వానలో రెండు మైళ్ళు నడిచి బస్ స్టాప్‌కి వెళ్ళిపోయాడట. ఎందుకయ్యా అని అడిగితే అందరిదీ ఒకటే మాట —

ఆ ఓడ పేరు పెట్టి పిలుస్తుంది.

మన పేరే. అట్టడుగు అంతస్తులో, ఏడో నంబరు ఇనప తలుపు దగ్గర.

ఈ సంగతి నాకు సాకేత్ చెప్పాడు. ఖమ్మం అబ్బాయి. ఇక్కడ మాస్టర్స్ చదువుతూ మా ఇంట్లో పై గదిలో ఉంటున్నాడు. సగం అతను చెప్పగా విన్నాను. చివరి ముక్క మాత్రం నా కళ్ళతో నేనే చూశాను. చూడకపోయినా బాగుండేది.

ఓడ సంగతి ముందు చెప్పాలి. దాన్ని నాకంటే ఎక్కువ తిట్టినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

దాని పేరు నార్తర్న్ క్రౌన్. 1952లో గ్లాస్గో పక్కన క్లైడ్ నది మీద కట్టారు. ఇక్కణ్ణుంచి న్యూయార్క్‌కి ఐదు రోజులు. రెండు పొగగొట్టాలు, పదకొండు అంతస్తులు. పైన పియానోలు, తివాచీలు, వెండి చెంచాలు. కింద బాయిలర్ల వేడికి ఒళ్ళంతా చెమటై కారిపోతుంటే ఉప్పు బిళ్ళలు మింగుతూ పనిచేసే మనుషులు. వాళ్ళు నడవడానికి అడుగున వేరే సందు ఉండేది. పైవాళ్ళకి ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా వాళ్ళ మొహాలు కనపడేవి కావు. అంత జాగ్రత్తగా కట్టారు.

తర్వాత జెట్ విమానాలు వచ్చాయి. ఐదు రోజుల దారి ఏడు గంటలైంది. చివరి చలికాలాల్లో ప్రయాణికుల కంటే వడ్డించేవాళ్ళే ఎక్కువ ఉండేవారట. 1968లో దాన్ని అట్లాంటిక్ నుంచి తీసేశారు. తెల్ల రంగు కొట్టి, వేరే దేశం జెండా ఎత్తి, ఎండ ఉన్న చోట్లకి విహారయాత్రలు తిప్పారు. అదీ సాగక, ఉత్తర సముద్రంలో నూనె బావుల పనివాళ్ళకి తేలే హాస్టల్ చేశారు. మా ఆయన పాండురంగం కాకినాడ నుంచి వచ్చి ఆ ఓడ ఇంజను గదిలో చేరింది ఆ రోజుల్లోనే.

1984లో యజమానులు మాయమయ్యారు. ఓడని ఇక్కడ కట్టేసి, అరవైమందిని లోపల వదిలేసి, ఆఫీసుకి తాళం వేసి పోయారు. ఆరు నెలలు దీపం లేదు, మంచినీళ్ళు లేవు. దిగి పోదామంటే దేశంలో అడుగు పెట్టడానికి కాగితాలు లేవు. అప్పటికే ఈ ఊళ్ళో ఉన్న నేను డేక్సాలో అన్నం వండి జెట్టీ దాకా మోసుకెళితే తాడు కట్టి పైకి లాక్కునేవాళ్ళు. ఆ ఓడలో దెయ్యాలున్నాయట కదా అని ఎవరైనా అడిగితే మా ఆయన నవ్వేవాడు. “ఆ యజమానులున్న చోట దెయ్యాలు ఎందుకు బతుకుతాయి?” అనేవాడు.

ఆ తర్వాత దాన్ని హోటల్ చేస్తామన్నారు. మ్యూజియం అన్నారు. ఏదీ కాలేదు. నలభై ఏళ్ళు తుప్పు పట్టింది. ఇప్పుడు టర్కీకి లాక్కెళ్ళి ముక్కలు చేస్తారట. ఈలోపు పనికొచ్చే రాగీ ఇత్తడీ పీకేస్తున్నారు. రాత్రిళ్ళు కాపలాకి ఇద్దరు.

ఆ ఏడో తలుపు కథ మాత్రం పాతది. 1961 జనవరిలో అట్లాంటిక్ నడిమధ్య తుపాను పట్టుకుంది. అడుగున ఎక్కడో పగిలి నీళ్ళొచ్చాయి. తలుపులన్నీ మూసేయమని పైనుంచి ఆర్డరు. ఏడో తలుపు వెనక ఒక ఐరిష్ మనిషి ఉండిపోయాడు. ఇవతల నిలబడ్డ వాళ్ళని ఒక్కొక్కళ్ళనే పేరు పెట్టి పిలిచాడట… తెరవొద్దని ఆర్డరు. వింటూ నిలబడ్డారు. కాసేపటికి ఆ పిలుపు ఆగిపోయింది. పైన డాన్సు హాల్లో బ్యాండ్ మాత్రం ఆగలేదు.

అప్పటినుంచి ఆ సందులో పేర్లు వినపడతాయని చెప్పుకుంటారు.

సాకేత్‌తో పాటు కాపలా ఉండేది రామాంజనేయులు. అనంతపురం మనిషి, యాభై తొమ్మిదేళ్ళు. ఎప్పుడో పాతికేళ్ళ కిందట రెస్టారెంట్లో వంటకి వచ్చి, మోకాళ్ళు అరిగాక సెక్యూరిటీలో చేరాడు. పదకొండుకి, ఒంటిగంటకి, మూడింటికి ఓడంతా తిరిగి రావాలి. ఇద్దరూ కలిసే తిరగాలి. అది రూలు.

పోయిన నవంబరు. ఆదివారం రాత్రి. సోమవారం మధ్యాహ్నానికి సాకేత్ తన డిసర్టేషన్ ఇచ్చెయ్యాలి. జెట్టీ మీద గార్డుల గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒంటిగంట కొట్టింది.

“నువ్వు రాసుకోప్పా. ఈ రౌండు నేను పోయొస్తా” అన్నాడు రామాంజనేయులు టార్చి తీసుకుంటూ.

“వద్దంకుల్. ఇద్దరం వెళ్ళాలి. రూలు.”

“రూలు రాసినోడు ఈ పొద్దు దుప్పటి కప్పుకోని పండుకోనుంటాడు. పొద్దున నీ పేపరు ఆయప్ప రాసిస్తాడా?”

“ఏడో తలుపు దాకా ఒక్కరే వెళ్తారా? భయం లేదా?”

“నా పేరు పలకాలంటే ఆ తెల్ల దెయ్యానికి ముందు నాలిక తిరగల్ల గదా!”

నవ్వుకుంటూ మెట్లెక్కి ఓడలోకి వెళ్ళాడు.

రౌండుకి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఒకటీ ముప్పై అయింది. ఒకటీ నలభై… సాకేత్ వాకీటాకీలో పిలిచాడు. గరగర తప్ప ఏమీ లేదు. అడుగున ఉన్నవాళ్ళకి అది ఎప్పుడూ పనిచెయ్యదు. ఫోనూ అంతే.

ఒకటీ నలభై ఐదుకి టార్చి తీసుకుని బయల్దేరాడు.

డాన్సు హాల్లో కుర్చీలు కుప్పగా పడున్నాయి. దాటాడు. మెట్లు దిగాడు. మూడో అంతస్తు దాకా తాత్కాలికంగా బల్బులు వేలాడదీశారు. ఆ కింద ఏమీ లేదు. పాత నూనె, తడి ఇనుము వాసన. మెట్టు మెట్టుకీ చలి పెరుగుతోంది.

అడుగుకి చేరాడు. ఓడ ఈ కొస నుంచి ఆ కొసకి పనివాళ్ళు నడిచే పొడుగాటి సందు అది. టార్చి వెలుగు కొంత దూరం వెళ్ళి చచ్చిపోయింది.

“రామాంజనేయులు అంకుల్!”

గొంతు సందులో పడి దొర్లుకుంటూ పోయింది. ఎక్కడో తగిలి తిరిగొచ్చింది. తిరిగొచ్చిన గొంతు తనది కాదనిపించింది.

నాలుగడుగులు వేశాడు. మూసిన తలుపు మీద తెల్ల రంగుతో 7 అంకె.

“అంకుల్… రామాంజనేయులు అంకుల్!”

నిశ్శబ్దం.

మళ్ళీ పిలవబోయాడు. నోరు తెరిచాడు. అంతలో ఒక ఆలోచన వచ్చింది. ఇక్కడ పేరు పెట్టి పిలుస్తున్నాను… వినేది ఎవరు? ఆ పేరు ఎవరికి నేర్పిస్తున్నాను?

నోరు మూసుకున్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంకుల్‌ని వదిలి వెళ్ళిపోలేకపోయాడు. ఓడ పక్కన నీళ్ళు గోడని నాకుతున్న చప్పుడు. ఒక నిమిషం… రెండు… నాలుగు…

అప్పుడు వినపడింది.

“సాకేతూ…”

దగ్గరగా. చాలా దగ్గరగా. కానీ నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు.

 

చిన్నప్పుడు వాళ్ళమ్మ ప్రభావతి చెప్పిందట. రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకి పలకకు. రెండోదానికీ పలకకు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. దెయ్యమైతే పిలవదు. పలికావో, నీ వెంట వచ్చేస్తుంది. తెలిసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది, మోసపోకు — అని. మా అమ్మ నాకూ చెప్పింది. ఇది చదివేవాళ్ళలో సగంమందికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

సాకేత్ పలకలేదు.

“సాకేత్…”

రెండోది. మొదటిదానికంటే సన్నగా. చివర తెగిపోయినట్టు.

పళ్ళు బిగించాడు. మూడోది రావాలి. అంకుల్ అయితే మూడోసారి పిలుస్తాడు. పిలవగానే పలుకుదాం. మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై… యాభై… ఎనభై…

వంద.

మూడో పిలుపు రాలేదు.

అంతే. ఇంక అతని కాళ్ళు అతని మాట వినలేదు. మెట్లు ఎలా ఎక్కాడో తెలీదు. రెండుచోట్ల పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. గార్డుల గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టి, కంట్రోల్ రూముకి ఫోన్ చేశాడు. అక్కడ రాత్రిళ్ళు డోరీన్ అనే పెద్దావిడ ఉంటుంది, ఎవర్నైనా ‘లవ్’ అనే పిలుస్తుంది. వాళ్ళ నాన్న ఓడల మరమ్మతు పనిలో బతికిన మనిషట.

“ఏమైంది లవ్? ఎందుకలా రొప్పుతున్నావ్?”

“నా పార్ట్‌నర్ రౌండ్ నుంచి రాలేదు. కింద, మూసిన ఏడో తలుపు దగ్గర… ఏదో నా పేరు పెట్టి పిలిచింది.”

“ఏదో అంటే? ఎవరు?”

“తెలీదు. రెండుసార్లు పిలిచింది.”

“నువ్వేమన్నావ్?”

“ఏమీ అనలేదు.”

“ఏమీ అనలేదా? ఎందుకని?”

ఎందుకని? సాకేత్ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు.

“బికాజ్… హి డిడ్ నాట్ కాల్ ది థర్డ్ టైమ్.”

తను అన్న మాట తన చెవిలోనే పడింది. పుట్టినప్పట్నుంచి ఒంట్లో ఉన్న ఆ మాట పరాయి భాషలో, ట్యూబ్‌లైటు కింద, టీ కప్పుల మధ్య మొదటిసారి బయటికొచ్చి నిలబడింది.

“లవ్” అంది డోరీన్ నెమ్మదిగా, “మూడోసారి పిలవడానికి అతనికి ఊపిరి లేదేమో.”

సాకేత్‌కి ఫోను చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ తీశాడు.

“విను. మూసి ఉన్న ఇనప గదుల్లో గాలి ఉండదు. తుప్పు పట్టేటప్పుడు ఇనుము గాలిలో ఆక్సిజనంతా తినేస్తుంది. లోపలికెళ్ళిన మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. నేను ఫైర్ వాళ్ళని పంపిస్తున్నా. నువ్వెళ్ళి తలుపు తెరువు. కానీ లోపలికి ఒక్క అడుగు కూడా వెయ్యకు. కాపాడ్డానికి వెళ్ళినవాళ్ళని మా నాన్న ఎంతమందిని మోసుకొచ్చాడో నాకు తెలుసు. విన్నావా? ఒక్క అడుగు కూడా —”

అతను అప్పటికే పరిగెడుతున్నాడు.

ఈసారి అతనికి దెయ్యం గుర్తురాలేదు. మెట్ల మీద నుంచే అరుస్తున్నాడు. “అంకుల్! అంకుల్! వస్తున్నా అంకుల్!” ఎన్నిసార్లు అరిచాడో లెక్కే లేదు. సందులో ఏడో తలుపు ముందు టార్చి కిందికి తిప్పాడు. నేలమీద ఒక చెక్క ముక్క పడి ఉంది.

ఆ చెక్కే అంతా చెప్పింది. ఆ తలుపు పక్కకి జరిగే తలుపు. బరువు టన్నుకి తక్కువుండదు. సామాను పీకే పనివాళ్ళు దాన్ని సగం తెరిచి, మూసుకుపోకుండా చెక్క పెట్టి పోయారు. లోపలివైపు హ్యాండిల్ ఇత్తడిదని ఊడదీసుకుపోయారు. లోపల గోడమీద నీటి మట్టం గీత ఉంది. రౌండుకి వెళ్ళినవాళ్ళు ఆ అంకె చూసి రాసుకోవాలి. రామాంజనేయులు చూడ్డానికి లోపలికి వెళ్ళాడు. పోటు తగ్గి ఓడ కాస్త పక్కకి ఒరిగింది. చెక్క జారింది. తలుపు దొర్లుకుంటూ వచ్చి మూసుకుంది. అది సగం తెరిచి ఉన్నప్పుడు లోపలికి చేరిన కాస్త గాలే ఆయన్ని అంతసేపు నిలబెట్టింది.

ఇద్దరు వెళ్ళి ఉంటే ఒకరు బయట ఉండేవారు. ఆ రూలు రాసినవాడు నిద్రపోతూ రాయలేదు. ఒప్పుకుంటాను. కానీ చెక్క పెట్టి వదిలేసినవాళ్ళనీ, హ్యాండిల్ పీకినవాళ్ళనీ ఎవరూ ఏమీ అనలేదు. రిపోర్టులో మాత్రం “సిబ్బంది నిబంధన పాటించలేదు” అని రాశారు. నలభై ఏళ్ళ కిందట మా వాళ్ళ మీదా అదే భాషలో రాశారు. పేర్లు మారాయి, అంతే.

బయట గోడకి చక్రం ఉంది. చేత్తో తిప్పితే తలుపు జరుగుతుంది. సాకేత్ దాని మీద పడ్డాడు. కదల్లేదు. వేలాడాడు. కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. కీచుమని కదిలింది. పది తిప్పులకి అంగుళం. అరచేతులు చీలి చక్రం జిగటగా అయింది. తిప్పుతున్నాడు, అరుస్తున్నాడు. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

జానెడు సందు అయ్యాక టార్చి పెట్టి చూశాడు.

బూటు. ఒక బూటు అడుగు. గడప నుంచి మూరెడు దూరంలో.

నేలమీద బోర్లా పడుకుని చెయ్యి దూర్చాడు. వేళ్ళకి మడమ అందింది. వెచ్చగా ఉందో చల్లగా ఉందో తెలీలేదు. లాగాడు. బూటు ఊడి చేతిలోకి వచ్చేసింది. దాన్ని పట్టుకుని అక్కడే ఏడ్చాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ చక్రం. మనిషి దూరేంత సందు అయింది. ఒక్క అడుగు వేస్తే చాలు, భుజాలు పట్టుకుని లాగెయ్యొచ్చు…

ఆ ఒక్క అడుగు వెయ్యలేదు. వేసుంటే నేను ఇవాళ ఖమ్మంలో ఆ తల్లికి ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు. తన జాకెట్ విప్పి, గడప దగ్గర నిలబడి, లోపలికి గాలి విసిరాడు. విసనకర్రలా. విసురుతూ, ఏడుస్తూ, పిలుస్తూ ఉండిపోయాడు. ఫైర్ వాళ్ళు మాస్కులతో వచ్చేసరికి అతనికి గొంతు పోయింది.

రామాంజనేయులు బతికే ఉన్నాడు. బతికున్నాడంటే… గుండె కొట్టుకుంటోంది.

మూడో రోజు పొద్దున నేనూ సాకేత్ ఆస్పత్రికి వెళ్ళాం. ఆయన భార్య ప్రసన్నలక్ష్మి మూడు రాత్రులుగా కుర్చీలోనే ఉంది. మమ్మల్ని కూర్చోబెట్టి స్నానానికి ఇంటికి వెళ్ళింది. వెళ్తూ నా చెవిలో చెప్పింది — గాలి ఆడక మెదడు ఎంత దెబ్బతిందో తెలీదంటున్నారు వదినా, పిలిస్తే పలకడం లేదు, ఇంకా స్కానింగులకి పంపుతామంటున్నారు.

సాకేత్ మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా అతని నోట్లో ఒకటే మాట. “రెండుసార్లు పిలిచాడాంటీ. వంద దాకా లెక్కపెట్టాను. నిలబడి లెక్కపెట్టాను.” డిసర్టేషన్ ఊసే ఎత్తలేదు.

నర్సు వచ్చింది. వెనక డాక్టరు. నర్సు వంగి, ఆయన చెవి దగ్గర గట్టిగా పిలిచింది.

“మిస్టర్ రామాంజనేయులు?”

పాపం, ముక్కలు ముక్కలుగా పలికింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. కదలిక లేదు.

“మిస్టర్ రామాంజనేయులు? కెన్ యూ హియర్ మీ?”

లేదు. కానీ నేను ఆయన చేతిని చూశాను. దుప్పటి అంచు పిడికిట్లో బిగుసుకుంది. నర్సు చూడలేదు. ఆవిడ డాక్టరు వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. డాక్టరు కాగితం మీద ఏదో రాయబోయాడు.



“ఇంకోసారి” అన్నాను ఇంగ్లీషులో. “ప్లీజ్. ఇంకొక్కసారి పిలువు.”

నర్సు నన్ను వింతగా చూసింది. అయినా వంగింది.

“మిస్టర్ రామాంజనేయులు?”

“ఆఁ… ఉండా” అన్నాడాయన.

నర్సు “ఓ మై డార్లింగ్!” అని ఆయన బుగ్గ పట్టుకుంది. డాక్టరు పెన్ను ఆగిపోయింది. సాకేత్ మాత్రం లేచి నిలబడ్డాడు.

వాళ్ళు వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత మంచం మీదికి వంగాడు.

“అంకుల్… ఆ రాత్రి మీరు నన్ను పిలవకముందు, తలుపు అవతల నుంచి నేను మిమ్మల్ని పిలిచాను. వినపడిందా?”

ఆయన కళ్ళు తెరిచాడు. ఆక్సిజన్ మాస్కు లోపల ఊపిరి తెల్లగా కమ్మి, మళ్ళీ విడిపోయింది.

“వినబడె.”

“మరి పలకలేదేం అంకుల్? తలుపు పక్కనే ఉన్నాను. అప్పటికి మీకు ఊపిరి ఉంది కదా…”

“నీ గొంతు మాదిరే ఉండె. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని కూచుంటి. తల తిరగబట్టినాక ఇంగ తాళలేక నిన్ను పిలిస్తి…”

అలసిపోయి ఆగాడు. సాకేత్ చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఆ చేతికి కట్లున్నాయి. వాటిని వేళ్ళతో తడుముతూ, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

“మూడోతూరి ఎందుకు పిలవకపోతివిరా, సాకేతూ?”